అగ్గిపెట్టెడు ఎడం

నా చిన్నప్పుడు మా వైపు పిల్లలకి రైలంటే ఏరు దాటి వెళ్తే తప్ప కనబడని వస్తువు. రాజోలు చుట్టుపక్కల ఊళ్ళలో పెరిగిన మాకు మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు తెలుసు, నాటుపడవ తెలుసు, కొబ్బరికాయలు వేసుకెళ్ళే లారీ తెలుసు. రైలు మాత్రం రేపో మాపో వచ్చేస్తుందని పెద్దవాళ్ళు అరుగుల మీద కూర్చుని చెప్పుకునేవారు. వాళ్ళ చిన్నతనంలో వాళ్ళ పెద్దవాళ్ళూ అలాగే చెప్పుకున్నారట. అలాంటి ఊళ్ళోకి, తొంభైల్లో ఒక దసరా ముందు, మా చిన్నమావయ్య ఒకటి కాదు, రెండు రైళ్ళు పట్టుకొచ్చాడు. రెండూ కలిపి ఒక అట్టపెట్టెలో పట్టాయి.

చిన్నమావయ్య అంటే మా అమ్మకి ఆఖరి తమ్ముడు. మస్కట్‌లో పెద్ద పెద్ద ట్రైలర్లు తిరిగే ఒక యార్డులో పనిచేసేవాడు. డ్రైవరుకి ఎదురుగా నిలబడి చేతులు ఊపి దారి చూపించడం ఆయన పని. అదీ ఒక ఉద్యోగమేనా అని మేం నవ్వుకునేవాళ్ళం. మా ఊరి బస్సు వెనక్కి తిప్పేటప్పుడు టీ కొట్టు దగ్గర కూర్చున్న వాళ్ళందరూ ఊరికే చేసిపెట్టే పని అది. ఆయన సెలవు మీద వచ్చాడంటే ఇంట్లో సెంటు వాసనలు, ఎకసెక్కాలు, నవ్వులు. ఆ ఏడు మాత్రం మనిషి చిక్కిపోయి వచ్చాడు. ఆయన రూములో ఉండే మలికిపురం వైపు అబ్బాయి ఒకడు అక్కడ పోయాడనీ, ఆ దిగులు పెట్టుకున్నాడనీ అమ్మమ్మ మా అమ్మతో చెబుతుంటే విన్నాను. ఎలా పోయాడని ఆయన్ని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

దసరా సెలవలకి నేనూ, మా పెద్దమ్మ కూతురూ అమ్మమ్మగారింటికి చేరేవాళ్ళం. తను నాకంటే ఏడాది పెద్ద, నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆ ఇంటికి నాలుగిళ్ళ అవతల కాలవగట్టు రోడ్డు ఒక్కసారిగా పక్కకి తిరుగుతుంది. ఆ మలుపు లోపలి వైపు ఒక తూము, తూము మీద మోకాలెత్తు గోడ. తాటిపాకలో చమురు పనుల కోసం పొడవాటి ఇనప పైపులు వేసుకుని ట్రైలర్లు ఆ రోడ్డు వెంటే వెళ్ళేవి. రైలు లేని ఊళ్ళో మాకు అదే రైలు. దూరాన హారను వినబడితే చాలు, తింటున్న కంచం వదిలేసి పరిగెత్తుకెళ్ళి ఆ గోడెక్కి కూర్చునేవాళ్ళం.

మమ్మల్ని ఆ గోడ మీద నుంచి దింపడం ఎవరి తరమూ కాలేదు. "అటెళ్ళొద్దని చెప్పేను కదే!" అని అమ్మమ్మ రోజూ అరిచేది. మా అమ్మ చెప్పింది, పెద్దమ్మ చెప్పింది, పక్కింటి మామ్మగారు కూడా ప్రహరీ మీంచి తొంగిచూసి చెప్పేరు. మేం అందరికీ "ఆయ్, అలాగేనండీ" అని బుద్ధిగా చెప్పి, హారను వినబడగానే మళ్ళీ అక్కడే తేలేవాళ్ళం.

మావయ్య వచ్చిన మొదటి రోజే మమ్మల్ని భోజనానికి పిలవడానికి వచ్చి, మేం ఆ గోడ మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చోవడం చూశాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. నా రెక్క పట్టుకుని దింపేశాడు. "అక్కడ కూర్చోకండమ్మా. బండి తిరిగేటప్పుడు నడుం భాగం లోపలికి కోసుకొచ్చేస్తుంది," అన్నాడు. మా అక్క నోరు ఊరుకుంటుందా? "లారీ అటేపు నుంచి కదా మావయ్యా వెళ్తుంది. మేం ఇటేపు కదా కూర్చుంటున్నాం," అంది. నిజమే మరి, ముందున్న ఇంజను భాగం మాకు దూరంగా, ఆ పక్క ఇళ్ళని రాసుకుంటూ వెళ్ళేది. ఆయన మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఇంటికొచ్చేదాకా నా రెక్క వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే ఆ అట్టపెట్టె విప్పాడు. ఆయన కంపెనీలో ఒక పెద్ద ఇంజనీరు ఉద్యోగం చాలించి తన దేశం వెళ్ళిపోతూ ఇచ్చేసిన సామానట. వేలంత వెడల్పు రైలు, చీపురుపుల్లల్లాంటి పట్టాలు. ఆ పట్టాలు ఎలా వంచితే అలా వంగేవి. వాటిని చిన్న మేకులతో చెక్కకి కొట్టుకోవాలి. కరెంటు పెట్టె మీద బొత్తాం తిప్పితే ఇంజను గుయ్యిమని కదిలేది. చేటలో కందిపప్పు పోసుకుని వచ్చిన అమ్మమ్మ, పప్పు సంగతి మరిచిపోయి అలాగే నిలబడిపోయింది.

ఈ ఏడు బొమ్మల కొలువులో రైలు నడుస్తుందని మావయ్య ప్రకటించాడు. పట్టాలు మీరే వెయ్యాలి, నేను చెయ్యి పెట్టను అన్నాడు. మా సంబరం అంతా ఇంతా కాదు. పెరట్లో పడున్న పాత తలుపు రెక్క ఒకటి కడిగి, కొలువు మెట్ల ముందు రెండు బల్లల మీద పరిచాం. పక్కపక్కనే రెండు దారులు, బయటిది అక్క రైలుకి, లోపలిది నా రైలుకి. రెండూ ఎదురెదురుగా తిరుగుతూ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోవాలి. మధ్యలో కొలువు తోట పెట్టాలి. పళ్ళెంలో ఇసక పోసి ఆవాలు మొలకెత్తించి అప్పటికే తయారుగా ఉంచాం. తోటకి చోటు చాలాలంటే పట్టాలు ఎంత దగ్గరగా వేస్తే అంత మంచిది. ఎంత దగ్గర? అక్క వంటింట్లోంచి అగ్గిపెట్టె తెచ్చి, దాన్ని పక్కవాటంగా నిలబెట్టి, దాని మందమే రెండు దారుల మధ్య ఎడం అని తేల్చింది. తిన్నగా ఉన్నచోట అంతే, ఒంపు తిరిగేచోట అంతే. తలుపు చుట్టూ ఎక్కడ పెట్టి చూసినా అగ్గిపెట్టె సరిగ్గా ఇరుక్కునేలా వేశాం. మా పనితనానికి మాకే ముచ్చటేసింది.

మావయ్య వచ్చి ఒంపు దగ్గర వంగి చూశాడు. "ఆయ్, బాగా కుదిరిందే కోడలు పిల్లా," అన్నాడు. ఆ మాటకి నేను రోజంతా నేలమీద నడవలేదు.

బొటనవేలంత గూడ్సు పెట్టెలు తగిలించి నడిపించాం. రెండు రైళ్ళూ ఒంపులో కూడా చక్కగా దాటుకున్నాయి. రెండు రోజులు అలాగే ఆడుకున్నాం. పేరంటం నాటి సాయంత్రం, ముత్తయిదువలందరూ వచ్చి చాప మీద కూర్చున్నాక, మావయ్య తన పెట్టెలోంచి ఇంకో చిన్న డబ్బా తీశాడు. అందులో జానెడు పొడుగున్న ప్రయాణికుల బోగీలు ఉన్నాయి. అద్దాల కిటికీలు, వాటికి తెరలు. ఇంత అందమైనవి ఇన్నాళ్ళూ ఎందుకు దాచాడో అనుకుంటూనే తగిలించేశాం.

తిన్నగా ఉన్న దారిలో రెండు రైళ్ళూ పక్కపక్క నుంచి దాటుకున్నాయి. ఆడవాళ్ళు "అబ్బో, నిజం రైలేనండీ!" అని చప్పట్లు కొట్టారు. నేను గర్వంగా మావయ్య వైపు చూశాను. ఆయన రైలు వైపు చూడటం లేదు. తలుపు చివర, ఒంపు తిరిగేచోట, రెండు చేతులూ దోసిలిలా పట్టుకుని వంగి నిలబడి ఉన్నాడు. అలా ఎందుకు నిలబడ్డాడో నాకు అర్థం కాలేదు.

మరుక్షణం రెండు రైళ్ళూ ఆ ఒంపులో ఎదురుపడ్డాయి. ఇంజన్లు దాటుకున్నాయి. నా రైలు మొదటి బోగీ మూల అక్క రైలు బోగీ నడుముని కొట్టింది. టపటపమని అన్నీ పట్టాలు తప్పాయి, ఎక్కడో చిటపటమని నిప్పురవ్వ లేచింది. ఒక బోగీ తిన్నగా మావయ్య దోసిట్లో పడింది. ఇంకొకటి అటు ఎగిరి కొలువు మొదటి మెట్టు మీదున్న వీణ బొమ్మకి తగిలింది. అమ్మమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న మట్టి బొమ్మ అది. మెడ దగ్గర విరిగి తల చాప మీదికి దొర్లింది.

వాయనం అందుకోబోతున్న ఒకావిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కొలువు బొమ్మ విరగడం అపశకునమని పైకి అనలేక పక్కావిడ మంగళసూత్రం కళ్ళకద్దుకుంది. నా కళ్ళు మాత్రం బొమ్మ మీద లేవు, మావయ్య దోసిలి మీద ఉన్నాయి. బోగీ పడకముందే ఆయన చేతులు అక్కడున్నాయి. ఆయనకి తెలుసు. మొన్న మేం మేకులు కొడుతున్నప్పుడే తెలుసు. తెలిసి బాగా కుదిరిందన్నాడు. పెద్దవాళ్ళు అబద్ధం చెబుతారని అప్పటికి నాకు తెలుసు గాని, మావయ్య నా విషయంలో అలా చేస్తాడని కలలో కూడా అనుకోలేదు.

"నీకు తెలుసు కదా!" అని అరిచేశాను, అంతమంది ముందు.

"ఒరేయ్, తెలిసుండీ ఊరుకున్నావా?" అని అమ్మమ్మ.

ఆయన విరిగిన తల తీసి పైపంచెతో తుడిచి అమ్మమ్మకి ఇచ్చి, "బొమ్మ దాకా పోతుందనుకోలేదమ్మా," అన్నాడు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ఆయన్ని చూస్తే ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు మావయ్య మమ్మల్ని బతిమాలి తలుపు దగ్గర కూర్చోబెట్టాడు. నేను అటు తిరిగి కూర్చున్నాను. ఆయన ఒక బోగీ తీసుకుని, దాని నడుం దగ్గర లోపలి వైపు చిన్న పెన్సిలు ముక్క దారంతో కట్టి, ముక్కు చెక్కకి తగిలేలా పెట్టి, బయటి పట్టా మీద చేత్తో మెల్లిగా తోశాడు. తిన్నగా ఉన్నంతసేపు గీత పట్టా పక్కనే నడిచింది. ఒంపు రాగానే గీత పట్టాని వదిలి లోపలికి జరిగిపోయింది. తర్వాత పెన్సిలుని బోగీ చివరి మూలకి, బయటి వైపు కట్టి లోపలి పట్టా మీద తోశాడు. ఈసారి గీత బయటికి పొడుచుకొచ్చింది. ఒంపులో ఆ రెండు గీతలూ ఒకదాని మీదికొకటి ఎక్కేశాయి. ఎక్కడెక్కాయో, సరిగ్గా అక్కడే నిన్న బోగీలు గుద్దుకున్నాయి.

కోపంలో ఉన్నదాన్ని కూడా ఇటు తిరిగిపోయాను. కంటి ముందు గీత కనబడుతుంటే కూడా నమ్మబుద్ధి కాలేదు. పట్టా ఎక్కడుంటే బండి అక్కడుంటుందనే కదా ఎవరైనా అనుకునేది!

"అయితే బండి పట్టా మీద ఉండదా మావయ్యా?" అంది అక్క.

"పట్టా మీద చక్రాలుంటాయే పిచ్చిమొహమా. వంగేది పట్టా. బండి వంగదు కదా, కర్రలాగా ఉంటుంది. మలుపులో దానిక్కావలసినంత చోటు అదే లాక్కుంటుంది. గూడ్సు పెట్టె పొట్టిది కాబట్టి మీకు కనబడలేదు. ఎంత పొడుగు బండయితే అంత చోటు."

మేకులు పీకి మళ్ళీ వేశాం. తిన్నగా ఉన్నచోట పాత ఎడమే ఉంచాం. ఒంపు మొదలయ్యే ముందు నుంచే మెల్లిమెల్లిగా ఎడం పెంచుకుంటూ, ఒంపులో అగ్గిపెట్టెని నిలబెట్టకుండా పడుకోబెట్టి, దాని వెడల్పంత చోటు వదిలాం. నేను నా పట్టాని లోపలికి లాగేసి తోటకి అడ్డం పెట్టేస్తుంటే, ఒంపు మరీ ముడిస్తే నీ బండి ఇంకా ఎక్కువ పొడుచుకొస్తుందని పెన్సిలు కట్టి చూపించాడు. సగం చోటు అక్క బయటికి జరిగి ఇచ్చింది, సగం చోటు ఆవాల తోటని చిన్న పళ్ళెంలోకి మార్చి నేను తెచ్చాను. జానెడు బోగీలు దాటుకున్నాయి. ఈసారి మావయ్య చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. తూముగోడ మాట మాత్రం ఆయన ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు, నిజానికి మాకు దాని ధ్యాసే లేదు.

పండగ వెళ్ళిన మర్నాడు పొద్దున్న దూరంగా హారను వినబడింది. అలవాటు ప్రకారం ఇద్దరం పరిగెత్తాం. అంత పొడుగు పైపులు వేసుకున్న బండిని అంతకుముందు మేం చూసి ఎరగం. ట్రైలరు దాటి కూడా వెనక్కి వేలాడుతున్నాయి, చివర ఎర్రగుడ్డ కట్టారు. అక్క గోడెక్కబోయింది. నేను ఆ రోడ్డు వంక, ఆ బండి వంక చూశాను. ఎందుకో నాకు ఆ తారురోడ్డు మీద పెన్సిలు గీత కనబడింది. అది తిన్నగా వచ్చి తూముగోడ మీద నుంచి పోతోంది.

"అక్కా, పెన్సిలూ!" అన్నాను.

తను ఒక్క క్షణం నా మొహం చూసి, బండిని చూసి, గోడని చూసింది. "అది రైలు కదే, ఇది లారీ," అని గొణిగింది గాని, కాలు మాత్రం వెనక్కి తీసేసుకుంది. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని వెనక్కి వెనక్కి జరిగి, కొబ్బరిచెట్ల అవతలికి పోయాం.

బండి ముందుభాగం ఎప్పటిలాగే దూరం నుంచి వెళ్ళిపోయింది. క్లీనరు ఆ పక్క ఇళ్ళ వైపే చూసుకుంటూ బండి వీపు మీద దబదబ కొడుతున్నాడు. వెనక చక్రాలు మెల్లిగా తారు దిగి గట్టు మీదికెక్కాయి. ట్రైలరు నడుం తూముగోడకి ఆనింది. అది కొట్టినట్టు కూడా లేదు, చెయ్యి పెట్టి పక్కకి నెట్టినట్టు నెట్టింది. గోడ మొత్తం, మేం రోజూ కూర్చునే గోడ, ఒక్క ముక్కలా ఒరిగి కాలవలో పడిపోయింది. నీళ్ళు మా మీదికి చిందాయి. ఆ నీటి చప్పుడు తర్వాత ఇంకేమీ వినబడలేదు నాకు. అక్క గోళ్ళు నా అరచేతిలో దిగబడి ఉన్నాయని కూడా తర్వాతెప్పుడో తెలిసింది.

అప్పుడు మావయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. గడ్డం గీసుకుంటున్నవాడు అలాగే వచ్చేశాడు, ఒక బుగ్గ మీద నురగ, కాళ్ళకి చెప్పులు లేవు. గోడ లేని తూముని చూశాడు. నేరుగా కాలవలోకి దిగిపోయాడు. మొలలోతు నీళ్ళలో చేతులు పెట్టి ఇటుకల మధ్య తడుముతున్నాడు. ఏం వెతుకుతున్నాడో అర్థమవడానికి మాకు కొంచెం సేపు పట్టింది.

"మావయ్యా, ఇక్కడున్నాం!" అని అక్క ఏడుస్తూ అరిచింది.

ఆయన తిరిగి చూశాడు. గట్టెక్కి వచ్చి మా ఇద్దరి తలలూ, భుజాలూ, చేతులూ తడిమాడు. తర్వాత రోడ్డు మధ్యలోనే చతికిలబడి, చిన్నపిల్లాడిలా భోరున ఏడ్చేశాడు. మగవాళ్ళు అలా ఏడవగలరని నాకు తెలియదు. ఊళ్ళోవాళ్ళు మూగారు. "ఏమైందండీ, పిల్లలకేం కాలేదు కదండీ," అంటున్నారు. అమ్మమ్మ రొప్పుతూ వచ్చి ఆయన తల పొట్టకి ఆనించుకుంది.

"చెప్పేనమ్మా," అన్నాడు అమ్మమ్మతో. "ఆడికీ చెప్పేను. ట్రైలరు తిరుగుతోంది, వెనక్కి జరగరా అని కేకేసి చెప్పేను. ఆడు చెయ్యి ఊపేడు. సరే, చెప్పేను కదా అనుకుని డ్రైవరు వైపు తిరిగిపోయేను. మళ్ళీ చూసేసరికి..."

ఆపైన చెప్పనక్కర్లేకపోయింది. మలికిపురం అబ్బాయి ఎలా పోయాడో మా ఇంట్లో అందరికీ అప్పుడు తెలిసింది. దారి చూపించే పని మా మావయ్యదే. రోజూ మేం అమ్మమ్మకి చెప్పే "ఆయ్, అలాగేనండీ" లాగే ఆ అబ్బాయి కూడా చెయ్యి ఊపాడన్నమాట.

పేరంటం నాటి నా కోపం ఎటు పోయిందో పోయింది. మా ఇద్దరికీ ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదని ఆయన వచ్చిన రోజే గ్రహించాడు. మాట ఈ చెవిలోంచి వచ్చి ఆ చెవిలోంచి పోతుంది. అందుకే నలుగురిలో నా పరువు తీసి, అమ్మమ్మ చేత తిట్లు తిని, మా కంటి ముందు రైళ్ళని గుద్దించాడు. బొమ్మ మెడకి అమ్మమ్మ లక్క పెట్టి అతికించింది. ఆ తర్వాత ఎవరైనా ఆ అతుకేమిటని అడిగితే, మా అబ్బాయి నిర్వాకమేనండీ అని మురిపెంగా చెప్పేది.

సెలవు అయిపోయేలోపు మావయ్య ఒక పొద్దున్న మలికిపురం వెళ్ళాడు. ఆ అబ్బాయి అమ్మగారి ఎదుట కూర్చుని, రోడ్డు మీద అమ్మమ్మకి చెప్పిన మాటే ఆవిడకీ చెప్పి వచ్చాడట. ఆవిడ ఏమన్నారో మాకెవరికీ చెప్పలేదు. వచ్చాక మాత్రం నూతి దగ్గర చాలాసేపు స్నానం చేసి, రెండు మారులు వడ్డించుకుని అన్నం తిన్నాడు. మళ్ళీ మస్కట్ వెళ్ళాడు, అదే పనిలో చేరాడు. కొత్తగా పనిలోకి వచ్చిన కుర్రాళ్ళకి యార్డులో సుద్దముక్కతో గీతలు గీసి చూపిస్తున్నానని మా అమ్మకి చెప్పాడట.

నాకిప్పుడు ఆనాటి మావయ్య కంటే చాలా పెద్ద వయసు. మా అమ్మాయి స్కూటీ నేర్చుకున్న కొత్తలో, బస్సుల పక్కన మలుపు తిరగొద్దని నేనూ అందరిలాగే చెప్పాను. అదీ అందరిలాగే "సరేలే అమ్మా" అంది. ఆ సరేలే విని నాకు అన్నం సయించలేదు. మర్నాడు దాన్ని అమలాపురం బస్టాండు ఎదుట టీ కొట్టు దగ్గర నిలబెట్టాను. ఎండలో ఇదేం పిచ్చి అని విసుక్కుంది. బస్సులు ఒకదాని తర్వాత ఒకటి బయటికి వచ్చి తిరుగుతున్నాయి. ఒక బస్సు వెనక చక్రం రోడ్డు అంచు ఎక్కి, అక్కడ నిలబెట్టి ఉన్న కొబ్బరిబోండాల సైకిల్ని ఒరుసుకుంటూ దిగడం చూసి, దాని మొహం పాలిపోయింది. నా చెయ్యి పట్టుకుంది. ఇంటికెళ్దామా అని అప్పుడు అడిగాను.

నేనేమీ ఓర్పుగల మనిషిని కాదు. ఒక మాట రెండోసారి చెప్పాలంటే చిర్రెత్తుకొస్తుంది. చెప్పాను కదా అని తిరిగిపోవాలనే అనిపిస్తుంది, రోజుకోసారైనా. తిరగబోయి ఆగిపోతాను. చెప్పిన మాట ఎదుటివాళ్ళు విన్నారో, ఊరికే చెయ్యి ఊపారో ఒక్కసారి మొహంలోకి చూస్తాను. అలా చూడకుండా తిరిగిపోయిన మనిషి, ఆ తర్వాత మొలలోతు నీళ్ళలో దిగి దేనికోసం వెతుక్కున్నాడో నేను కళ్ళారా చూశాను.